చిలక గొంతెత్తిన రోజు

ఇంటింటా రేడియో ఉన్న రోజుల్లో, పొద్దున్నే ఆ వీధిలో నడిస్తే ఒక్క పాట కూడా మధ్యలో తెగేది కాదట. మొదటి ఇంటి దగ్గర పల్లవి అందుకుంటే వీధి చివరికొచ్చేసరికి ఆఖరి చరణం పూర్తయ్యేదని రేడియో మెకానిక్ చెప్పుకుని మురిసిపోయేవాడు. అందులో సగం సెట్లు తన చేతి మీదుగా పోయినవేనని ఒక మాట కలిపేవాడు. అతని భార్య చిలక ఆ పాటల్లో ఒక్కటీ వినలేదు. కానీ ఆ రోజుల మీద బెంగ మాత్రం ఇద్దరిలో ఆమెకే ఎక్కువ.

చిలక అన్నది తండ్రి పెట్టుకున్న ముద్దుపేరు. మాటలు వచ్చే వయసులో జ్వరం వచ్చి ఆమె రెండు చెవులూ పోయాయి. ఇక ఈ పిల్లకు మాట రాదని చుట్టాలంతా తేల్చేశారు. తండ్రి మాత్రం పంతానికి చిలకా అనే పిలిచేవాడు. పిలిస్తే దానికేం వినపడుతుందని ఎవరన్నా అంటే, "నాకు వినపడుతుందిగా" అనేవాడు. సాయంత్రాలు రేడియో పెట్టుకుని కూర్చుంటే చిలక ఆయన ఛాతీకి వీపు ఆనించి కూర్చునేది. పాటతో పాటు తండ్రి గొంతు కలిపినప్పుడు వీపులో సన్నగా వణుకు పుట్టేది. ఆమెకు తెలిసిన సంగీతం అదే.

ఆయనే ఆమెను చెవిటి పిల్లల బడిలో వేశాడు. అక్కడి టీచరమ్మ పిల్లల అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని ఒక్కో అక్షరం పలికించేది. ఏళ్ల తరబడి కష్టపడ్డాక చిలకకు పెదవులు చదవడం వచ్చింది, గొంతు కూడా వచ్చింది. అయితే ఆ గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఒకసారి బస్సులో టికెట్ అడిగితే బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. వెనక సీట్లో ఒకడు మూతి వంకర తిప్పి ఆమెలాగే అని చూపించాడు. అంతే, ఇంటి గడప దాటాక ఆమె నోరు తెరవడం మానేసింది. దర్జీ షాపు నుంచి చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుట్టి గుండీలు పెట్టి ఇచ్చేది. ఆ పనికి మాటలతో అవసరం లేదు.

మెకానిక్‌ను ఆమె మొదటిసారి చూసింది, బాగుకిచ్చిన తండ్రి రేడియోను తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు. పోలియో వచ్చి అతని రెండు కాళ్లూ చిన్నప్పుడే చచ్చుబడ్డాయి. బయటికి వెళ్లాలంటే చేత్తో తిప్పే మూడు చక్రాల బండి, ఇంట్లో అయితే అరచేతుల మీద జరగడం. ఆ రోజు తల వంచుకుని వైర్లు అతికిస్తూ ఆమెతో ఏదో చెబుతూ పోయాడు. తల వంచుకున్న మనిషి పెదవులు ఎలా కనపడతాయి. చిలక వేలితో బల్ల మీద కొట్టింది. అతను తలెత్తి చూశాడు. సంగతి అర్థమైంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో అతను ఆమెతో తల వంచుకుని మాట్లాడింది లేదు.

బాగైందని చూపించడానికి అలవాటు కొద్దీ రేడియో వేశాడు. వేశాక నాలుక కరుచుకున్నాడు. కాసేపు ఆలోచించి సెట్టును ఆమె వైపు తిప్పి, చెయ్యి పెట్టి చూడమని సైగ చేశాడు. చెక్క పెట్టె వెచ్చగా ఉంది. లోపల ఏదో చిన్న ప్రాణి గుండె కొట్టుకుంటున్నట్టుంది.

"పాడుతోందా?" అన్నాడు.

"పాడుతోంది" అంది చిలక. అనేశాక గాని తాను పైకి మాట్లాడానని తెలియలేదు. షాపులో ఉన్న ఇద్దరు మనుషులు ముఖాలు చూసుకుని నవ్వారు. మెకానిక్ నవ్వలేదు.

"నవ్వుతారేంటండీ. స్టేషన్ దూరంగా ఉంటే అలాగే వినపడుతుంది. కాస్త ఓపిగ్గా తిప్పుకోవాలి" అన్నాడు వాళ్లతో.

ఆ మాట ఆమె అతని పెదవుల మీద చదువుకుంది. ఇంటికొచ్చాక కూడా చదువుకుంటూనే ఉంది.

అప్పటినుంచి తండ్రి రేడియో ఊరికే చెడిపోవడం మొదలుపెట్టింది. వెనక మూత తీసి ఒక వైరు లాగేస్తే చాలునని చిలక కనిపెట్టింది. ఊడింది అదే వైరని మెకానిక్‌కూ తెలుసు. డబ్బులు తీసుకునేవాడు కాదు, త్వరగా బాగుచేసేవాడూ కాదు. కొన్నాళ్లు చూసి తండ్రి, ఈ రేడియోను బాగుచేయించడం కన్నా పిల్లకు పెళ్లి చేయడం తేలికని నవ్వేశాడు. పిండి మిల్లు నడిపే అన్నయ్య మాత్రం అడ్డం తిరిగాడు. ఒకరికి కాళ్లు లేవు, ఒకరికి చెవుల్లేవు, రేపు ఏదన్నా ముంచుకొస్తే ఎవరు ఎవర్ని చూసుకుంటారని అడిగాడు.  తండ్రి అదంతా విని, మంచి రోజు చూసి పెళ్లి చేశాడు.

వాళ్లు కాపురం పెట్టిన గది వీధి మలుపులో ఉండేది. ముందు సగం షాపు, వెనక సగం ఇల్లు, మధ్యలో ఒక పాత దుప్పటి తెర. ఇంటావిడ వెనక వాటాలో ఒంటరిగా ఉండేది. గది నిండా కరిగిన సీసం వాసన, కొత్త బట్ట వాసన కలిసి ఉండేవి. ఒక అరలో బాగుచేయాల్సిన సెట్లు, ఇంకో అరలో బాగైనవి, కింద ఎవరూ తీసుకెళ్లనివి. సాయంత్రం దీపం పెట్టకముందు రేడియోల అద్దాల వెనక పసుపుపచ్చ వెలుగు ఒక్కటే ఉండేది. ఆ వెలుగులో ఆమె కుట్టడం ఆపేసి అతని ముఖం చూస్తూ కూర్చునేది. వాళ్లిద్దరికీ వాళ్ల సొంత సైగలుండేవి. మీసం మెలేస్తే అన్నయ్య. నడుం దగ్గర తాళాలు ఆడిస్తే ఇంటావిడ. రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టి కళ్లు మూసుకుంటే, బాకీ అడగడానికి వచ్చిన మనిషి కాబట్టి నిద్ర నటించమని. దెబ్బలాడుకోవాలన్నా దీపం ఉండాల్సిందే. చీకటి పడితే గొడవ దానంతటదే ఆగిపోయేది.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. గది ముందు గోడ మట్టితో కట్టిన పాత ఇటుక గోడ. నీళ్లు తాగి తాగి ఉబ్బింది. మధ్యాహ్నం వేళ చిలక ఆ గోడ కిటికీ కింద వెలుతురు కోసం కూర్చుని, దర్జీ ఇచ్చిన పెళ్లికొడుకు చొక్కాకు కాజాలు కుడుతోంది. వీపు అతని వైపు ఉంది. మెకానిక్ గుమ్మం పక్కన బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. గోడలో ఏదో పటపటమన్నట్టు అతనికి వినపడిందట. ఆ వెంటనే ఇసుక జారుతున్న చప్పుడు. గట్టిగా అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది, ఎవరికి అరుస్తున్నాడో. పాకుతూ వెళ్తే అందదు. చేతిలో ఉన్న టీ గ్లాసును గురి చూసి విసిరాడు.

అది చిలక భుజానికి తగిలింది. టీ అంతా తెల్ల చొక్కా మీద పడింది. పెళ్లికొడుకు చొక్కా పాడైందన్న కోపంతో ఆమె కళ్లెర్రజేసి వెనక్కి తిరిగింది. అతని ముఖం చూసింది.  ఒక్క ఉదుటున లేచి, అతని చంకల కింద చేతులు వేసి, వర్షంలోకి ఈడ్చుకుంటూ వచ్చేసింది. గోడ పడడం ఆమెకు అరికాళ్లలో తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే గదికి ముఖం లేదు. అరలు, సెట్లు, ఆమె కూర్చున్న చోటు, అన్నీ ఇటుకల కింద ఉన్నాయి. పైకప్పు రేకులు ఒక వైపుకు వేలాడుతున్నాయి.

ఎదురింటి వరండాలో తడి బట్టలతో కూర్చున్నాక ఆమె చేతులు ఆడించింది. పెళ్లాన్ని గ్లాసుతో కొడతావా అని. గురి తప్పింది, తలకు కొడదామనుకున్నానని అతను సైగ చేశాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు కాస్తా ఏడుపైపోయింది. ఎదురింటివాళ్లకు ఇద్దరిలో ఎవరిని ఊరుకోబెట్టాలో తెలియలేదు.

మర్నాడు ఇంటావిడ వచ్చి ఉన్నమాట చెప్పింది. ఆమె కూడా ఉన్నవాళ్లలో చేరేది కాదు. గోడ వాళ్లే కట్టించుకుంటే ఖర్చయిన మేరకు అద్దె వదిలేస్తానంది, లేదంటే స్థలం అమ్ముకోవడం తప్ప దారి లేదంది. తాపీ మేస్త్రి వచ్చి చూసి, గోడ ఒక్కటే కాదు, కప్పు కూడా లేపి మళ్లీ వేయాలన్నాడు. అతను చెప్పిన మొత్తం విని మెకానిక్ భార్యకు కనపడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె అప్పటికే మేస్త్రి పెదవుల మీద చూసేసింది.

ఎవరినీ చెయ్యి చాచి అడగడం మెకానిక్‌కు అలవాటు లేదు. అయినా సెట్లు పోయిన వాళ్లకు ముందు ముఖం చూపించి చెప్పాలన్నాడు. అతను చేతులతో బండి తిప్పుతుంటే, ఎత్తు వచ్చినచోట ఆమె వెనక నుంచి తోస్తూ ఇల్లిల్లూ తిరిగారు. ఏళ్ల కిందట పడేసి వెళ్లిపోయిన మూగ రేడియోకు ఒకాయన కొత్త సెట్టు ఇప్పించమని కూర్చున్నాడు. ఇంకో ఇంట్లో ఒక పెద్దామె తలుపు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అది పోయిన భర్త కొన్న సెట్టు. ఆయన పొద్దున్నే స్టేషన్ కోసం తిప్పే బిళ్ల ఒక్కటి దొరికితే తెచ్చివ్వండి, చాలు అంది. చిలక వెళ్లి ఇటుకలన్నీ తీసి సాయంత్రానికి ఆ బిళ్ల వెతికి, కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చి వచ్చింది. ఆమె దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, ఇంట్లో ఉన్న కాస్త డబ్బు చిలక చేతిలో పెట్టింది. వద్దని చేతులూపినా ఊరుకోలేదు.

అది ఇటుకలకైనా చాలదు. చివరికి చిలక ఒక్కతే అన్నయ్య దగ్గరకు వెళ్లింది. మిల్లు ఆడుతోంది. గాలి నిండా పిండి. అన్నయ్య మంచివాడే. చెల్లెల్ని కూర్చోబెట్టి, తడిసిన తల తుడుచుకోమని తువ్వాలిచ్చాడు. ఆమె చేతులతో జరిగిందంతా చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత పక్కకు వెళ్లి వదినతో మాట్లాడాడు. చెల్లెలికి వినపడదు కదా అనుకున్నాడు, మిల్లు హోరులో అసలు ఎవరికీ వినపడదు. కానీ గోడకున్న అద్దంలో అతని పెదవులు ఆమెకు స్పష్టంగా కనపడ్డాయి.

"దీన్ని ఇక్కడే ఉంచేసుకుందాం. అతన్ని వాళ్ల వాళ్లెవరన్నా చూసుకుంటారు. నేను అప్పుడే చెప్పాను."

వదిన ఏమందో చూడడానికి చిలక ఆగలేదు. తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టి వచ్చేసింది. అన్నయ్యకు ప్రస్తుతం వీలుపడదట అని భర్తకు చెప్పింది. 

ఇక మిగిలింది సంక్షేమ ఆఫీసు. వికలాంగుల ఇల్లు దెబ్బతింటే సాయం ఇస్తారని మేస్త్రే చెప్పాడు. ఆ ఆఫీసు ఒక పాత మేడ మీద ఉంది. మెట్లు ఇరుగ్గా, నిలువుగా ఉన్నాయి. వికలాంగుల కోసం పెట్టిన ఆఫీసును మేడ మీద ఎవరు పెట్టారో గాని, వాళ్లు మెట్లెక్కే వికలాంగుల్ని మాత్రమే చూసి ఉంటారని మెకానిక్ అన్నాడు. అర్జీ పట్టుకుని చిలక పైకి వెళ్లింది. గుమాస్తా అది చదివి, ఇల్లు ఎవరి పేరున అద్దెకుందో ఆ మనిషే ఆఫీసరమ్మ ఎదుట సంతకం పెట్టాలన్నాడు. చిలక వేలితో కిందికి చూపించింది. అతను పైకి చూపించాడు. ఆమె కిందికి దిగి భర్తకు చెప్పింది, అతను ఇంకో మాట కాగితం మీద రాసిచ్చాడు, మళ్లీ ఎక్కింది. మాట్లాడలేని మనిషిని పంపిస్తే పనెలా అవుతుందని గుమాస్తా పక్కవాడితో అనడం చూసింది. ఆ రోజు అలాగే తిరిగొచ్చారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆఫీసరమ్మ లేదు.

మూడోసారి కూడా గుమాస్తా అదే పాట మొదలుపెట్టాడు. నలుగుర్ని పిలిచి అతన్ని మోయించి తీసుకురా అని చేతులతో మోస్తున్నట్టు చూపించాడు. ఇంకో ఆఫీసులో ఒకసారి మెకానిక్‌ను అలాగే మోశారు. మెట్ల మధ్యలో చెయ్యి జారి పడేస్తే చూసినవాళ్లు నవ్వారు. ఆ రాత్రి అతను అన్నం తినలేదు. చిలక ఆ సంగతి తలచుకుంది. అద్దాల గది తలుపు తీసే ఉంది. లోపల ఆఫీసరమ్మ ఏవో కాగితాలు చూస్తోంది. గుమాస్తా అడ్డొచ్చేలోపు చిలక వెళ్లి ఆమె బల్ల ముందు నిలబడింది. బడిలో టీచరమ్మ నేర్పినట్టు అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకుంది. గొంతు వణకడం చేతికి తెలిశాక మాట బయటికి వదిలింది.

"మా ఆయన కింద ఉన్నారు."

ఆఫీసరమ్మకు అర్థం కాలేదు. చిలక మళ్లీ చెప్పింది. ఇంకా గట్టిగా చెప్పింది. ఎంత గట్టిగా అన్నది హాల్లో మనుషుల ముఖాలు చూస్తే తెలిసింది. టైపు కొడుతున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి, వరండాలో బెంచీ మీదివాళ్లు లేచి నిలబడ్డారు. బస్సులో లాగే అందరూ ఆమెనే చూస్తున్నారు. ఈసారి ఆమె నోరు మూసుకోలేదు.

"ఆయనకి కాళ్లు లేవు. మీకున్నాయి. మీరు దిగండి."

 ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది, కలం తీసుకుంది, కుర్చీ వెనక్కి జరిపి లేచింది. మెట్ల వైపు నడిచింది. గుమాస్తా అర్జీ పట్టుకుని వెనక పరుగెత్తాడు.

కింద సన్నగా జల్లు పడుతోంది. మెకానిక్ బండిలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆఫీసరమ్మ వచ్చి అడగాల్సినవన్నీ అడిగింది, బండి పలక మీదే సంతకం పెట్టించుకుంది. అంతా అయ్యాక మెకానిక్ ఆమెను ఒక ప్రశ్న అడిగాడు. చివరి మెట్టు మీద నిలబడి చిలక ఆ మాటలు చూసింది.

"పైన అరిచింది మా ఆవిడేనా అమ్మా?"

"మీకు వినపడలేదా?"

"వినపడింది. ఆ గొంతు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. షాపులో ఆ మొదటి రోజు తప్ప బయటివాళ్ల ముందు మాట్లాడగా ఎప్పుడూ వినలేదు, అందుకని అడిగాను."

ఎదురింటి వరండాకు తిరిగి వెళ్లే దారిలో అతను బండి ఆపి ఆపి వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. ముందు చూసి తోలమని ఆమె కసురుకుంది, అదీ నోటితోనే.

అడిగిన డబ్బంతా రాలేదు. వచ్చింది కూడా వానలు తగ్గాక వచ్చింది. అది వచ్చేలోపే, కూలి తర్వాత చూసుకుందామని మేస్త్రి పని మొదలుపెట్టాడు. చిలక చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ఇటుకలందించింది. ఒక రోజు అన్నయ్య మిల్లు బండి మీద సిమెంటు బస్తాలు వేసుకుని వచ్చాడు. చెల్లెలు ఎందుకు చెప్పకుండా వెళ్లిపోయిందో అతనికి తెలిసిందో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు, చెప్పనూలేదు. అతను చొక్కా విప్పి బస్తాలు దించాడు. బావగారిని చూసి మెకానిక్ భార్య వైపు తిరిగి మీసం మెలేసి చూపించాడు. అదేంటో అన్నయ్యకు అర్థం కాక తన మీసం తడుముకున్నాడు. చిలక నవ్వాపుకోలేక గోడ వెనక్కి వెళ్లిపోయింది.

కొత్త గోడకు కిటికీ వెడల్పుగా పెట్టించారు. బల్లను దాని ఎదురుగా జరిపి, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరికి కనపడేలా కూర్చోవడం అప్పటినుంచే. పోయిన సెట్లలో బాగుపడేవి అతను నెలల తరబడి కూర్చుని బాగుచేసి ఉత్తినే ఇచ్చాడు. కొత్త సెట్టు కావాలని పట్టుబట్టినాయనకు కూడా ఇచ్చాడు. చిలక పూర్తిగా మారిపోయిందని చెప్పలేం. కాని దర్జీ దగ్గర కూలి పెంచమని, కూరగాయల దగ్గర తూకం సరిగ్గా వేయమని నోటితోనే అడిగేది. మొదట్లో చూసి నవ్వినవాళ్లు కొన్నాళ్లకు అలవాటుపడ్డారు. వీధిలో అందరికీ ఆ స్టేషన్ దొరికిందని మెకానిక్ అనేవాడు.

తర్వాత ఇళ్లలో టీవీలొచ్చాయి, రేడియోలు అటకెక్కాయి. అతను టేప్ రికార్డర్లు బాగుచేశాడు, అవీ పోయాక ఫోను చార్జర్లు. ఇప్పుడు ఆ పనీ పెద్దగా లేదు. చూపు ఆనక చిలక కాజాలు మానేసింది. వాటి మీద ఆమెకు బెంగ లేదు. పొద్దున్నే గుమ్మం ముందు సెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనుషుల మీద బెంగ. బాగైన సెట్టు ఇంటికి తీసుకెళ్తున్నప్పుడు వాళ్ల నడకే వేరుగా ఉండేదని చెబుతుంది.

ఈ మధ్య మెకానిక్‌కు చెవులు మందగించాయి. చాన్నాళ్లు దాచాడు. అడిగేది ఒకటైతే అతను చెప్పేది ఇంకొకటి అవుతుంటే అందరికన్నా ముందు కనిపెట్టింది చిలకే. తెలిశాక అతను రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆమె మాత్రం, ఇన్నాళ్లకు నా దారికొచ్చావు, కూర్చో నేర్పిస్తానని పెదవులు చదవడం నేర్పడం మొదలుపెట్టింది. అతను మొద్దు విద్యార్థి. ఉప్పు అంటే పప్పు అనుకుంటాడు, ఎవరో వచ్చి వెళ్తానంటే వస్తానన్నారని టీ పెట్టమంటాడు. సాయంత్రాలు కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఆమె ఒక్కో మాట నెమ్మదిగా పలుకుతుంటే, అతను కళ్లు చికిలించి ఆమె నోటి వైపే చూస్తూ ఉంటాడు. తప్పు చెప్పినప్పుడల్లా ఆమె చేత్తో తొడ మీద ఒకటి వేస్తుంది. ఆ దెబ్బకు ఈగ కూడా చావదు, అయినా అతను అబ్బా అంటాడు.